టీవీ తెర మీద లోగో అచ్చు పడకుండా: బర్న్-ఇన్ గురించి తెలుసుకోవాల్సినవి, చేయాల్సినవి

పొద్దున కాఫీ దగ్గర పెట్టిన వార్తా ఛానల్ రాత్రి భోజనాల దాకా మారని ఇళ్లు మనకు కొత్త కాదు. ఒకసారి శబ్దం తీసేసి ఆ తెరను గమనించండి. మూలన లోగో, కింద ఎర్ర పట్టీ మీద బ్రేకింగ్ న్యూస్, దాని కింద ఇంకో రంగు పట్టీలో స్క్రోలింగ్, పక్కన టైము. చర్చలో కూర్చున్నవాళ్లు మారుతుంటారు కానీ ఈ డబ్బాలు గంటల తరబడి అక్కడే ఉంటాయి. స్క్రోలింగ్‌లో అక్షరాలు పరిగెత్తినా వాటి వెనకున్న పట్టీ కదలదు. లక్ష దాటిన ధర పెట్టి కొన్న ఓఎల్‌ఈడీ టీవీలో కొన్నేళ్ల తర్వాత ఓ సినిమా పెడితే, ఆకాశం మీద ఆ పట్టీ నీడ కనిపించేది ఇందువల్లే.

ఇలా తెర మీద నిలిచిపోయే అచ్చునే బర్న్-ఇన్ అంటారు. పేరు వింటే తెర కాలిపోయిందేమో అనిపిస్తుంది. నిజానికి జరిగేది అరుగుదల. పాత గుడి మెట్లు చూడండి, జనం కాలు పెట్టే చోటే రాయి గుంట పడుతుంది. తెర కూడా ఒకే చోట ఎక్కువ వాడితే అక్కడే అరుగుతుంది. రాత్రి పాజ్‌లో పెట్టి నిద్రపోయిన ఒక్క తప్పుకే టీవీ పోదు. రోజూ మూడు గంటలు అదే ఛానల్, అదే వెలుగులో చూస్తే ఏడాదికి సుమారు 1,100 గంటలు ఆ లోగో ఒకే చోట కూర్చున్నట్టు. లెక్క వేసుకోవాల్సింది ఈ మొత్తాన్నే. ఇంకో సంగతి ముందే చెప్పాలి: ఓఎల్‌ఈడీ టీవీ ఉన్న ఇంట్లో పెద్ద పొరపాటు చాలాసార్లు ఛానల్ దగ్గర కాదు, గోడ మీది స్విచ్ దగ్గర జరుగుతుంది.

ముందు మీది ఏ రకం టీవీయో తేల్చుకోండి

అందరికీ ఈ భయం అక్కర్లేదు. మన ఇళ్లలో ఉన్న ఫ్లాట్ టీవీల్లో చాలా భాగం ఎల్‌సీడీలే. ఎల్‌ఈడీ, క్యూఎల్‌ఈడీ, క్యూఎన్‌ఈడీ, మినీ ఎల్‌ఈడీ అని డబ్బా మీద ఏమి రాసినా అవన్నీ లోపల ఎల్‌సీడీలు. వెనక నుంచి తెల్లని లేదా నీలి దీపాలు వెలుగుతాయి, ముందున్న లిక్విడ్ క్రిస్టల్ పొర ఆ వెలుగును ఆపుతుంది లేదా వదులుతుంది. బొమ్మ గీసే పొర తాను వెలగదు కాబట్టి ఓఎల్‌ఈడీలో లాగా అరగదు. ఓఎల్‌ఈడీలో మాత్రం ప్రతి చుక్కా తనంతట తాను వెలుగుతుంది, వెలిగిన కొద్దీ దాని శక్తి తగ్గుతుంది.

పేర్లు ఒకదానికొకటి దగ్గరగా ఉండి తికమక పెడతాయి. టీవీ వెనక స్టిక్కర్ మీద మోడల్ నంబరు చూడండి. ఎల్‌జీలో ఆ నంబరు ఓఎల్‌ఈడీ అనే అక్షరాలతోనే మొదలవుతుంది. శాంసంగ్‌లో సైజు అంకె తర్వాత ఎస్ అక్షరం ఉంటే (ఎస్90, ఎస్95 వంటివి) ఓఎల్‌ఈడీ, క్యూ ఉంటే క్యూఎల్‌ఈడీ. సోనీలో 2023 దాకా సైజు తర్వాత ఏ అక్షరం ఉంటే ఓఎల్‌ఈడీ, ఎక్స్ ఉంటే ఎల్‌సీడీ. 2024లో సోనీ పేర్లు మార్చింది. అప్పటి నుంచి బ్రావియా 8 ఓఎల్‌ఈడీ, బ్రావియా 7, 9 మినీ ఎల్‌ఈడీ. ఇంకా అనుమానముంటే రాత్రి లైట్లన్నీ ఆర్పి, యూట్యూబ్‌లో పూర్తి నల్ల తెర వీడియో పెట్టండి. టీవీ ఆఫ్ అయిందా అన్నంత చీకటిగా ఉంటే ఓఎల్‌ఈడీ, తెర బూడిద రంగులో లేచినట్టు కనిపిస్తే ఎల్‌సీడీ. స్థానికంగా దీపాలు ఆర్పుకునే మినీ ఎల్‌ఈడీ కూడా పూర్తి నలుపు చూపించగలదు కాబట్టి నల్ల తెర మీద ఒక చిన్న తెల్ల అక్షరం ఉన్న బొమ్మ పెట్టండి. అక్షరం చుట్టూ పొగలాంటి వెలుగు కనిపిస్తే అది ఎల్‌సీడీయే.

ఎర్ర పట్టీ ఎందుకు అంత ప్రమాదం

ఓఎల్‌ఈడీలో రెండు రకాలున్నాయి. ఎల్‌జీ డిస్‌ప్లే తయారుచేసే ప్యానెళ్లలో ఎక్కువ భాగంలో ప్రతి చుక్క వెనకా తెల్లని వెలుగే ఉంటుంది. ఒక్కో చుక్కలో నాలుగు చిన్న గదులుంటాయి. మూడింటి ముందు ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఫిల్టర్లు పెట్టి, నాలుగో గదిని ఫిల్టర్ లేకుండా తెలుపుగా వదిలేస్తారు. తెల్ల లోగో చూపించేటప్పుడు ఆ నాలుగో గది భారం పంచుకుంటుంది. కానీ ముదురు ఎరుపు చూపించాలంటే ఎరుపు గది ఒక్కటే పనిచేయాలి. పైగా ఫిల్టర్ తెల్లని వెలుగులో చాలా భాగాన్ని మింగేస్తుంది, కాబట్టి ఆ గదికి ఎక్కువ కరెంటు పంపాల్సి వస్తుంది. ఎక్కువ కరెంటు అంటే ఎక్కువ అరుగుదల. పసుపు పట్టీకైతే ఎరుపు, ఆకుపచ్చ రెండూ గట్టిగా వెలగాలి. రోజంతా ఎర్ర పట్టీలతో నడిచే వార్తా ఛానల్ ఈ రకం ప్యానెల్‌కు ఎంత బరువో దీన్నిబట్టే తెలుస్తుంది. ఎల్‌జీ 2018 ప్యానెళ్లలో ఎరుపు గదిని పెద్దది చేసింది కూడా ఈ బరువు తగ్గించడానికే.

2022లో వచ్చిన క్యూడీ-ఓఎల్‌ఈడీ ప్యానెళ్లలో అన్ని గదుల వెనకా నీలి వెలుగే ఉంటుంది, క్వాంటమ్ డాట్లు అనే అతి చిన్న రేణువులు దాన్ని ఎరుపు, ఆకుపచ్చలుగా మారుస్తాయి. ఫిల్టర్ మింగే నష్టం తక్కువ, కానీ భారం పంచుకునే తెల్ల గది ఉండదు. ఏ రకమైనా ఒకచోట ఎక్కువ వెలిగితే అక్కడ ఎక్కువ అరగడం తప్పదు.

వెలుగుకూ ఆయుష్షుకూ ఉన్న లెక్క కూడా తెలిసి ఉండాలి. వెలుగు రెట్టింపు చేస్తే ఆయుష్షు సగానికి కాదు, సగం కన్నా ఇంకా కిందికి పడుతుంది. 2018లో టీవీలను పరీక్షించే ఆర్‌టింగ్స్ సంస్థ ఎల్‌జీ సీ7 టీవీలు ఆరింటిని రోజుకు 20 గంటల చొప్పున నడిపింది. సీఎన్‌ఎన్ వార్తలు పెట్టిన రెండు టీవీల్లో అచ్చు ఎక్కువగా పడింది. ఆ రెండింట్లోనూ పూర్తి వెలుగులో నడిపిన టీవీ, వెలుగు తగ్గించి నడిపినదాని కన్నా బాగా దెబ్బతింది. రోజుకు 20 గంటలు ఎవరింట్లోనూ నడవదు. అయినా పైన చెప్పిన 1,100 గంటలు ఆ పరీక్షలో 55 రోజులకు సమానం, కాబట్టి తేలిగ్గా తీసుకోకూడదు.

గోడ స్విచ్ ఆపకండి

మన దగ్గర రాత్రి పడుకునే ముందు టీవీ స్విచ్ గోడ దగ్గరే ఆపేస్తాం. కరెంటు ఆదా, వోల్టేజీ భయం, చిన్నప్పటి అలవాటు, కారణం ఏదైనా కావచ్చు. ఎల్‌సీడీకి దీనివల్ల నష్టం లేదు. ఓఎల్‌ఈడీకి మాత్రం ఇదే పెద్ద హాని.

ఎందుకంటే ఓఎల్‌ఈడీ టీవీ తన అరుగుదలను తానే కొలుచుకుని సరిచేసుకుంటుంది. ఎల్‌జీ టీవీల్లో మొత్తం 4 గంటల వాడకం పూర్తయ్యాక, రిమోట్‌తో ఆపినప్పుడు లోపల ఒక చిన్న సవరణ మొదలవుతుంది. పది నిమిషాల లోపే అయిపోతుంది. చుక్కల వెనకున్న ట్రాన్సిస్టర్ల పరిస్థితి చూసి, వెనకబడిన వాటికి మరుసటి రోజు నుంచి కాస్త ఎక్కువ కరెంటు వెళ్లేలా సర్దుతుంది. తెర ఆరిపోయి ఉంటుంది కాబట్టి ఇదేమీ మనకు కనిపించదు. చాలా మోడళ్లలో పని పూర్తయ్యాక లోపల రిలే అనే చిన్న స్విచ్ "టిక్" మనడం మాత్రం వినిపిస్తుంది. 2,000 గంటలకోసారి గంటసేపు పట్టే పెద్ద సవరణ జరుగుతుంది. రోజుకు 4 గంటల వాడకమైతే అది 16 నెలలకోసారి వస్తుంది. సోనీ, శాంసంగ్ టీవీల్లోనూ ఇలాంటి ఏర్పాటే ఉంది.

గోడ దగ్గర కరెంటు తీసేస్తే ఈ సవరణ జరగదు. ఒక రోజు తప్పితే మరుసటి రోజు చేసుకుంటుంది. ఏడాదంతా తప్పితే చిన్న చిన్న తేడాలు పేరుకుని ఒకరోజు కంటికి కనిపించే మచ్చ అవుతాయి. అప్పుడు "టీవీ నాసిరకం" అనుకుంటాం.

కాబట్టి రిమోట్‌తో ఆపండి, గోడ స్విచ్ ముట్టుకోకండి. కరెంటు ఖర్చు గురించి బెంగ అక్కర్లేదు. స్టాండ్‌బైలో అర వాట్ వాడే టీవీ ఏడాది మొత్తం మీద తినేది నాలుగున్నర యూనిట్ల లోపే. త్వరగా ఆన్ అయ్యే సౌకర్యం, ఫోన్‌తో ఆన్ చేసే సౌకర్యం పెట్టుకుంటే అంతకన్నా ఎక్కువ పడుతుంది, అవి అవసరం లేకపోతే సెట్టింగ్స్‌లో తీసేయండి. ఇంట్లో పెద్దవాళ్లకు స్విచ్ ఆపే అలవాటు పోదనుకుంటే టీవీ ప్లగ్‌ను చేతికి అందని సాకెట్‌కు మార్చడం, లేదా ఆ స్విచ్ మీద "ఆపవద్దు" అని కాగితం అంటించడం మంచిది. సెట్‌టాప్ బాక్స్, సౌండ్ బార్ విడిగా ఇంకో స్విచ్ మీద ఉంటే వాటిని హాయిగా ఆపుకోవచ్చు.

వోల్టేజీ హెచ్చుతగ్గులున్న చోట స్టెబిలైజర్ పెట్టుకోండి, కానీ దాన్ని కూడా ఆన్‌లోనే ఉంచండి. ఉరుములు మెరుపులు వచ్చినప్పుడు మాత్రం ఈ నియమాలన్నీ పక్కన పెట్టి ప్లగ్, కేబుల్ తీసేయండి. ఒక్క రోజు సవరణ తప్పడం కన్నా బోర్డు కాలిపోవడం పెద్ద నష్టం. బయటి ఊరు వెళ్లేటప్పుడైతే, రిమోట్‌తో ఆపిన తర్వాత కనీసం పావుగంట ఆగి స్విచ్ తీయండి.

సెట్టింగ్స్‌లో ఏం మార్చాలి

షోరూంలో కళ్లు జిగేల్‌మనిపించిన వివిడ్ మోడ్‌ను ఇంట్లో మొదటి రోజే మార్చేయండి. సినిమా, ఫిల్మ్‌మేకర్ లేదా ఎక్స్‌పర్ట్ మోడ్ పెట్టుకోండి. మొదట రెండు మూడు రోజులు బొమ్మ పసుపుగా, డల్‌గా అనిపిస్తుంది, తర్వాత కళ్లు అలవాటు పడతాయి. నిజానికి దర్శకుడు చూపించాలనుకున్న రంగులకు అవే దగ్గర.

తర్వాత వెలుగు. ఎల్‌జీలో ఓఎల్‌ఈడీ పిక్సెల్ బ్రైట్‌నెస్ అనే అంకె (పాత మోడళ్లలో ఓఎల్‌ఈడీ లైట్), సోనీ, శాంసంగ్ కొత్త మోడళ్లలో బ్రైట్‌నెస్ అనే అంకె అరుగుదలను నేరుగా నిర్ణయిస్తుంది. రాత్రిపూట లైట్లు తగ్గించి చూసే గదిలో వందకు 30 నుంచి 50 సరిపోతుంది. పగలు కిటికీ ఎదురుగా టీవీ ఉంటే వెలుగు పెంచడం కన్నా కర్టెన్ వేయడం నయం. ఓటీటీ సినిమాల్లో హెచ్‌డీఆర్ (వెలుగునీడల తేడాను ఎక్కువగా చూపే బొమ్మ) వచ్చినప్పుడు ఈ అంకె దానంతటదే పూర్తి స్థాయికి వెళ్తుంది. సినిమాకు దాన్ని అలాగే వదిలేయండి, సినిమాలో బొమ్మ మారుతూనే ఉంటుంది కాబట్టి భయం లేదు. అదే హెచ్‌డీఆర్‌లో రోజుకు నాలుగైదు గంటలు ఒకే గేమ్ ఆడటం మాత్రం వేరే సంగతి.

తెరను కాపాడే ఏర్పాట్లు మూడు ఉంటాయి. ఎల్‌జీలో ఓఎల్‌ఈడీ కేర్ కింద, శాంసంగ్‌లో ప్యానెల్ కేర్ కింద దొరుకుతాయి. సోనీలో పిక్సెల్ షిఫ్ట్, ప్యానెల్ రిఫ్రెష్ అని డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో వెతకాలి. మోడల్ ఏడాదిని బట్టి మెనూలో చోటు మారుతుంది. స్క్రీన్ మూవ్ లేదా పిక్సెల్ షిఫ్ట్ మొత్తం బొమ్మను అప్పుడప్పుడూ కొన్ని చుక్కలు పక్కకు జరుపుతుంది. అచ్చు అంచులను ఇది పలుచన చేస్తుంది, కానీ వెడల్పాటి పట్టీని కాపాడలేదు. ఆన్‌లో ఉంచండి, దీన్నొక్కదాన్నే నమ్ముకోకండి. లోగో వెలుగు తగ్గించే సౌకర్యం నిజంగా పనికొస్తుంది. లోగో ఉన్న చోటును గుర్తుపట్టి అక్కడ మాత్రమే వెలుగు దించుతుంది. వార్తలు చూసే ఇంట్లో దాన్ని హై మీద పెట్టండి. మూడోది స్క్రీన్‌సేవర్, 2 నుంచి 5 నిమిషాలకు పెట్టుకోండి.

కదలని బొమ్మ ఎక్కువసేపు ఉంటే టీవీ తనంతట తాను మసకబారుతుంది. కొందరికి ఇది చిరాకు తెప్పిస్తుంది. సర్వీస్ రిమోట్‌తో రహస్య మెనూలోకి వెళ్లి దీన్ని ఆపేసే పద్ధతులు వీడియోల్లో చూపిస్తుంటారు. దయచేసి ఆ పని చేయకండి. ఆ మెనూలో ఒక అంకె తప్పు పడితే టీవీ ఆన్ కాకుండా పోయే ప్రమాదం కూడా ఉంది, పైగా వారంటీ క్లెయిమ్ చిక్కుల్లో పడుతుంది.

వేడి గురించి ఒక మాట. వేడి పెరిగితే అరుగుదల వేగం పెరుగుతుంది. రాయలసీమ, తెలంగాణ ఎండాకాలంలో గాలి ఆడని చెక్క అరలో టీవీని బిగించకండి. చుట్టూ కనీసం 10 సెంటీమీటర్ల ఖాళీ వదలండి. పశ్చిమపు ఎండ నేరుగా తెర మీద పడే గోడ వద్దు.

వార్తలు, క్రికెట్, గేమ్స్, కంప్యూటర్

వార్తలు చూడొద్దని చెప్పడం లేదు. రోజుకు గంట వార్తలు, మిగతా సమయం సినిమాలు, సీరియళ్లు, యూట్యూబ్ అయితే సాధారణ వెలుగులో ఏళ్ల తరబడి ఏమీ కనిపించదు. కలిపి చూసుకోవాల్సింది ఒకే రకం బొమ్మ ఎన్ని గంటలు ఉందనే. ఛానళ్లు మార్చి మార్చి చూసినా దాదాపు అన్ని తెలుగు వార్తా ఛానళ్ల పట్టీలూ తెర కింది భాగంలోనే ఉంటాయి కాబట్టి, లోగో మారినా పట్టీ భారం తప్పదని గుర్తుంచుకోండి. రోజంతా వార్తలు నడవాల్సిన ఇల్లయితే నిజాయితీగా చెప్పే సలహా ఒకటే: ఆ గదిలో ఎల్‌సీడీ పెట్టండి, ఓఎల్‌ఈడీని సినిమాల గదిలో ఉంచండి.

ఐపీఎల్ రెండు నెలలు దాదాపు ప్రతి సాయంత్రం మూడున్నర గంటలకు పైగా స్కోరు పట్టీ ఒకే చోట ఉంటుంది. విరామాల్లో ఛానల్ మార్చండి, ఆ రెండు నెలలు వెలుగు పది పాయింట్లు తగ్గించండి. అది చాలు.

పాత తెలుగు సినిమాలు నలుచదరపు ఆకారంలో వస్తాయి, రెండు పక్కలా నల్ల పట్టీలు ఉంటాయి. అక్కడి చుక్కలు ఆరిపోయి ఉండి, మధ్య భాగం మాత్రమే అరుగుతుంది. వారానికి రెండు మూడు పాత సినిమాలకు తేడా తెలియదు. రోజూ గంటల తరబడి అవే చూసేవాళ్లు మాత్రం అప్పుడప్పుడూ తెర నిండేలా జూమ్ పెట్టుకోవచ్చు.

గేమ్‌లో ప్రాణం పట్టీ, మ్యాప్, తుపాకీ గుర్తు కదలవు. ఆ గుర్తుల పారదర్శకత పెంచే, పూర్తిగా దాచే సౌకర్యం చాలా గేముల సెట్టింగ్స్‌లో ఉంటుంది. కన్సోల్ రెస్ట్ మోడ్‌లోకి వెళ్లే సమయాన్ని ఉన్నవాటిలో అన్నిటికన్నా తక్కువకు పెట్టండి. కంప్యూటర్ తగిలిస్తే టాస్క్‌బార్ దానంతటదే దాక్కునేలా చేయండి, డార్క్ మోడ్, నల్లటి వాల్‌పేపర్ పెట్టండి, డెస్క్‌టాప్ మీద ఐకాన్లు తీసేయండి, 3 నిమిషాలకు తెర ఆరిపోయేలా అమర్చండి. రోజుకు ఎనిమిది గంటలు ఎక్సెల్ షీట్లు తెరిచి పనిచేయడానికి ఓఎల్‌ఈడీ టీవీ తగిన వస్తువు కాదు.

మచ్చ కనిపించిందా? పరీక్షించే పద్ధతి

అనుమానం రాగానే మెకానిక్‌ను పిలవకండి. ముందు ఇలా చేయండి.

రాత్రి గది చీకటి చేసి, యూట్యూబ్‌లో ఓఎల్‌ఈడీ బర్న్-ఇన్ టెస్ట్ అని వెతికి, ఒకే రంగు నిండుగా చూపే వీడియో పెట్టండి. ఎరుపు, ఆకుపచ్చ, నీలం, పసుపు, మెజెంటా, తెలుపు, సగం బూడిద, చాలా ముదురు బూడిద, ఒక్కో రంగు దగ్గర ఆగి చూడండి. వార్తల అచ్చు ముందుగా ఎరుపులోనో మెజెంటాలోనో బయటపడుతుంది, తెలుపులో కనిపించకపోవచ్చు. ఆకారం గుర్తుపట్టగలిగితే, అంటే అది ఛానల్ లోగోనో, పట్టీ అంచో, స్కోరు డబ్బానో అని చెప్పగలిగితే అది అచ్చే. ముదురు బూడిదలో మాత్రమే నిలువు గీతల్లా కనిపించేది వేరు. అది కొత్త ప్యానెళ్లలోనూ ఉంటుంది, కొన్ని వందల గంటల వాడకంలో చాలావరకు తగ్గుతుంది.

ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకోండి. రిమోట్‌తో టీవీ ఆపి, గోడ స్విచ్ ఆన్‌లో ఉంచి, రాత్రంతా వదిలేయండి. మరుసటి రోజు అదే పరీక్ష చేసి ఫొటోతో పోల్చండి. పోతే అది తాత్కాలిక నీడ, దాన్ని ఇమేజ్ రిటెన్షన్ అంటారు. పోకపోతే అరుగుదల. సెట్‌టాప్ బాక్స్‌లో కనిపించి, టీవీ సొంత యాప్‌లో కనిపించకపోతే తప్పు టీవీది కాదు, బాక్స్‌దో ఛానల్ ప్రసారానిదో.

అచ్చు పడ్డాక

మొదట సహజ సవరణకు అవకాశం ఇవ్వండి. ఇన్నాళ్లూ గోడ స్విచ్ ఆపుతూ వచ్చిన ఇంట్లో అయితే రెండు వారాలు రోజూ రిమోట్‌తో మాత్రమే ఆపి చూడండి. కొంత మెరుగు కనిపించవచ్చు.

అప్పటికీ తగ్గకపోతే మెనూలోంచి పెద్ద సవరణను ఒకసారి చేయించండి. ఎల్‌జీలో పిక్సెల్ క్లీనింగ్ (పాత వాటిలో పిక్సెల్ రిఫ్రెషర్), శాంసంగ్‌లో పిక్సెల్ రిఫ్రెష్, సోనీలో ప్యానెల్ రిఫ్రెష్. సుమారు గంట పడుతుంది. మధ్యలో ప్లగ్ తీయకండి, కరెంటు కోతల సమయంలో మొదలుపెట్టకండి. పని మధ్యలో తెర మీద తెల్లని గీత కనిపించవచ్చు, కంగారు పడకండి. సోనీ దీనికి గది ఉష్ణోగ్రత 10 నుంచి 40 డిగ్రీల మధ్య ఉండాలంటుంది. మే నెల మధ్యాహ్నం మన గదులు ఆ హద్దు దాటవచ్చు, అందుకే రాత్రి చల్లబడ్డాకనో ఏసీ వేసుకునో చేయండి. సోనీ దీన్ని ఏడాదికి ఒకసారి కన్నా ఎక్కువ చేయొద్దని కూడా చెబుతుంది. అరిగిన చుక్కకు ఎక్కువ కరెంటు ఇచ్చి సమం చేయడమే ఈ పద్ధతి, ఆ కరెంటు పెంచే వీలు కొంతవరకే ఉంటుంది. వారం వారం చేయిస్తే ఆ వీలు త్వరగా ఖర్చయిపోతుంది.

రంగులు గబగబా మారే "బర్న్-ఇన్ ఫిక్స్" వీడియోలను ఓఎల్‌ఈడీ మీద రాత్రంతా నడపకండి. అవి తాత్కాలిక నీడకు, ఒకే రంగులో ఇరుక్కుపోయిన చుక్కకు కొంత పనిచేస్తాయి. అరిగిన చోటును తిరిగి నింపలేవు, బాగున్న చోటును కూడా అరగదీస్తాయి. తెర మీద బట్టతో రుద్దడం, వేలితో నొక్కడం వల్ల ప్యానెల్ పగిలే ప్రమాదమే తప్ప లాభం లేదు. పెద్ద సవరణ తర్వాత కూడా మామూలు సినిమాలో మచ్చ కనిపిస్తుంటే మిగిలింది ప్యానెల్ మార్పిడే. టీవీ ధరలో పెద్ద భాగం ప్యానెల్‌దే కాబట్టి, వారంటీ లేకుంటే ఆ ఖర్చు చాలాసార్లు గిట్టుబాటు కాదు. మచ్చ పరీక్షలో మాత్రమే కనిపించి సినిమాలో కనిపించకపోతే, వెలుగు తగ్గించి వాడుకోండి. రోజూ మచ్చ కోసం వెతుక్కోవద్దు.

ఎల్‌సీడీలోనూ నీడ పడుతుంది

ఎల్‌సీడీ అరగదు అన్నాం. కానీ ఒకే బొమ్మ రోజుల తరబడి నిలబడితే లిక్విడ్ క్రిస్టల్‌లోని అయాన్లు (విద్యుదావేశం ఉన్న కణాలు) ఒక పక్క పేరుకుని, బొమ్మ మారాక కూడా పాతదాని నీడ కనిపిస్తుంది. దీన్ని తప్పించడానికే ప్యానెల్ ప్రతి ఫ్రేముకూ వోల్టేజీ దిశ మారుస్తుంది, అయినా పూర్తిగా తప్పదు. కిరాణా కొట్టులో సీసీ కెమెరా గళ్లు, టిఫిన్ సెంటర్ మెనూ, ఆస్పత్రి టోకెన్ బోర్డు చూపించే టీవీల్లో ఇది ఎక్కువ. కొన్ని గంటలు ఆపి ఉంచితే, లేదా బొమ్మ బాగా కదిలే కార్యక్రమం నడిపితే చాలావరకు పోతుంది. నెలల తరబడి నిలిచిన గీతలు మాత్రం పూర్తిగా పోకపోవచ్చు.

షాపుల వాళ్లు చేయాల్సింది సులభం. డీవీఆర్ మెనూలో కెమెరాలు వంతులవారీగా మారే ఏర్పాటు పెట్టండి. రికార్డింగ్‌కు టీవీ ఆన్‌లో ఉండక్కర్లేదు, మనిషి చూడని వేళ టీవీ ఆపేయండి. మెనూ బోర్డు అయితే రెండు మూడు స్లైడ్లు చేసి, నేపథ్యం రంగులు మార్చి తిప్పండి. బ్యాక్‌లైట్ 50, 60 దాటనివ్వకండి. పూర్తి వెలుగులో రోజుకు 15 గంటలు నడిచే ఇంటి టీవీలో లోగో అచ్చు కన్నా ముందు దీపాలే పోతాయి, వెనకున్న పలుచని షీట్లు వేడికి వంకరపోయి తెర మీద మచ్చల్లా కనిపిస్తాయి. నిరంతరం నడవాల్సిన చోటికి రోజుకు 16 లేదా 24 గంటలకు తయారుచేసిన కమర్షియల్ డిస్‌ప్లేనే కొనండి.

ఇంకా పనిచేస్తున్న ప్లాస్మా టీవీలు కొన్ని ఇళ్లలో ఉన్నాయి. పానసోనిక్ 2014 మార్చికల్లా, శాంసంగ్, ఎల్‌జీ ఆ ఏడాదే వాటి తయారీని ఆపేశాయి. వాటిలో వెలుగునిచ్చే ఫాస్ఫర్ అనే పూత అరుగుతుంది, సూత్రం ఓఎల్‌ఈడీదే. వాటిలోని తాత్కాలిక నీడకు తెల్లని తెర లేదా అటూ ఇటూ జరిగే తెల్లని పట్టీ చూపే సౌకర్యం మెనూలోనే ఉంటుంది. అరగంట నుంచి గంట నడిపితే చాలు.

కొనేటప్పుడు, వారంటీ అడిగేటప్పుడు

షోరూం డిస్‌ప్లే పీస్ తక్కువకు వస్తుందని ఓఎల్‌ఈడీ తీసుకోకండి. అది రోజుకు పది గంటలకు పైగా వివిడ్ మోడ్‌లో, కంపెనీ డెమో లోగోలతో నడిచి ఉంటుంది. తప్పక తీసుకోవాల్సి వస్తే డబ్బు కట్టే ముందే పైన చెప్పిన రంగుల పరీక్ష అక్కడే చేయించండి. మొత్తం వాడిన గంటలు చూపించే మెనూ ఉంటే అదీ అడగండి. సెకండ్ హ్యాండ్‌కూ ఇదే నియమం.

చాలా కంపెనీల వారంటీ షరతుల్లో కదలని బొమ్మ వల్ల పడ్డ అచ్చును మినహాయిస్తూ ఒక వాక్యం ఉంటుంది. షోరూం అబ్బాయి నోటిమాట లెక్కలోకి రాదు. అదనపు వారంటీ కొంటుంటే ఇమేజ్ రిటెన్షన్, బర్న్-ఇన్ అనే మాటలు కవర్ అయ్యే జాబితాలో ఉన్నాయో, మినహాయింపుల్లో ఉన్నాయో కాగితం మీద చూసి సంతకం పెట్టండి. ఫిర్యాదు చేసేటప్పుడు ఏదో మచ్చ ఉందని కాకుండా రంగుల పరీక్ష ఫొటోలు తేదీలతో, మోడల్ నంబరు, సీరియల్ నంబరు, సాఫ్ట్‌వేర్ వెర్షన్, మీరు చేసిన సవరణ వివరాలతో ఈమెయిల్‌లో పంపండి, ఫిర్యాదు నంబరు రాసిపెట్టుకోండి. వారంటీలో ఉన్న లోపాన్ని కూడా పట్టించుకోకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి అదే వివరాలతో నమోదు చేయించవచ్చు.